ఎండు కుంకుడుకాయ, పొడి, సీసా రసం: తలంటుకు ఏది నయం?

తలంటుకు కుంకుడు ఇప్పుడు మూడు రూపాల్లో దొరుకుతోంది. కిరాణా కొట్టువాడు గోనెసంచిలోంచి తీసి తూచి ఇచ్చే ఎండుకాయ మొదటిది. డబ్బాల్లోనూ పొట్లాల్లోనూ అమ్మే పొడి రెండవది. మూడవది ‘కుంకుడు షాంపూ’ అనో ‘కుంకుడు రసం’ అనో పేరు పెట్టి సీసాల్లో అమ్మే సరుకు. ఈ మూడింటినీ కొన్నేళ్లుగా మార్చి మార్చి వాడుతున్నాను. నా జుట్టు నడుము దాటి ఉంటుంది, ఒత్తైనది, చివర్లలో పొడిబారే స్వభావం కలది. వారానికొకసారి నూనె పెట్టి తలంటుకోవడం, మిగిలిన రోజుల్లో జడ వేసుకోవడం నా అలవాటు. మేముండేది హైదరాబాదులో బోరునీటి మీద ఆధారపడిన అపార్టుమెంటు కాబట్టి నీళ్ల సంగతి కూడా ఈ సమీక్షలో వస్తుంది.

నా తీర్పు ముందే చెబుతాను. నూనె పెట్టిన పొడవాటి జుట్టుకు వారానికొకసారి చేసే తలంటులో ఎండుకాయ రసం ఏ షాంపూకూ తీసిపోదు, అయితే అది అడిగే సమయం, ఓపిక తక్కువేమీ కావు. పొడి నాకు నచ్చలేదు. సీసా విషయంలో పేరు చూసి కొనకూడదు, వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితా చూసి కొనాలి. ఇక రోజూ, లేదా రోజు విడిచి రోజు తలస్నానం చేసేవారికి ఈ మూడింటిలో ఏదీ అంతగా అక్కరకు రాదు.

కుంకుడు చెట్టు లీచీ పండు కుటుంబానికి చెందినది. మన దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే రకం కాయ మూడు తమ్మెలుగా కలిసి కాస్తుంది, ఎండాక ముడతలు పడి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఉత్తరాదిన రీఠా అని పిలిచేది దీనికి దగ్గరి చుట్టమే అయినా కాయ గుండ్రంగా, పెద్దదిగా ఉంటుంది. రెండింటిలోనూ మురికి వదిలించే పదార్థం సాపోనిన్లు, అవి ఉండేది పైతొక్కలో. లోపలి నల్లగింజ పిల్లల ఆటలకు పనికొస్తుంది గాని తలంటుకు పనికిరాదు. సాపోనిన్ అణువుకు ఒక కొస నూనెను, రెండవ కొస నీటిని పట్టుకుంటుంది కనుక వెంట్రుకకు అంటిన జిడ్డు నీటితో పాటు జారిపోతుంది. షాంపూలోని సల్ఫేట్లు చేసే పనీ ఇదే. తేడా ఏమిటంటే షాంపూలో ఈ శుభ్రపరిచే పదార్థాలతో పాటు వెంట్రుకకు పూతలా అంటుకునే సిలికోన్లు, నున్నదనం ఇచ్చే ఇతర రసాయనాలు, కంటికి మంట తగ్గించే సర్దుబాట్లు ఉంటాయి. కుంకుడులో అవేవీ లేవు. దాని మంచీ చెడ్డా రెండూ ఇక్కడినుంచే మొదలవుతాయి.

బోరునీటి ఇళ్లలో కుంకుడు బాగా పనిచేస్తుందని పెద్దవాళ్లు అంటుంటారు. ఆ మాటలో నిజముంది, కాని వారు పోల్చింది సబ్బుతో. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే సబ్బు వాటితో కలిసి కరగని తెట్టుగా మారి జుట్టుకు అంటుకుంటుంది, ఎంత కడిగినా తల జిగటగానే ఉంటుంది. సాపోనిన్లు అలా తెట్టు కట్టవు. అయితే ఈనాటి షాంపూలు కూడా కఠినజలంలో సబ్బులా విరిగిపోవు కనుక షాంపూ వాడేవారికి కుంకుడు ఈ ఒక్క కారణంతో గొప్ప మేలు చేస్తుందని చెప్పలేము. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉండడం మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. మా బోరు నీటికి కుళాయిల మీద తెల్లటి పొక్కులు కట్టడం చూస్తే అది ఏ కొసన ఉందో తెలుస్తూనే ఉంటుంది. ఇలాంటి నీటితో తల కడిగినప్పుడు కుంకుడు వాడినా, షాంపూ వాడినా జుట్టు కొంత బిరుసెక్కుతుంది. ఆఖరు కడుగుకు ఒక బిందెడు మంచినీరు వేరుగా ఉంచుకోవడం ఒక్కటే నాకు పనికొచ్చిన ఉపాయం.

ఎండుకాయ కొనడంలో కొంత నేర్పు కావాలి. చేతిలోకి తీసుకుని వేళ్లతో నొక్కితే మంచి కాయ తొక్క కొద్దిగా జిగురుగా, తోలులా వంగుతుంది, లోపల గింజ గలగలమంటుంది. మరీ పెళుసుగా విరిగి పొడి రాలితే అది పాతసరుకు. తొక్క పలుచగా, లోపల బూజు తెల్లగా కనిపిస్తే వాన నీళ్లు తగిలిన సరుకు. ఒక కాయను కొట్టు దగ్గరే పగలగొట్టి చూడమని అడగడంలో మొహమాటం అక్కరలేదు, తొక్క లోపలి వైపు తేనె రంగులో మెరుస్తూ ఉండాలి. గింజ తీసిన తొక్కలు వేరుగా అమ్ముతారు, వాటి ధర ఎక్కువే, కాని గింజ బరువుకు డబ్బు పెట్టనక్కరలేదు కనుక లెక్క వేసుకుంటే పెద్ద నష్టం కాదు. నేను మాత్రం గింజతో ఉన్న కాయనే కొంటాను, ఎందుకంటే విడి తొక్కల్లో పుచ్చువి, పాతవి కలిపినా కనిపెట్టడం కష్టం. ఒకసారి మా వీధి కొట్టులో కొన్న తొక్కల సంచిలో సగం పుల్లలూ మట్టిగడ్డలే వచ్చాయి. హైదరాబాదులో బేగంబజారు టోకు కొట్లలో సరుకు త్వరగా చేతులు మారుతుంది కాబట్టి తాజాగా దొరికే అవకాశం ఎక్కువ. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనులు సేకరించే కుంకుడును, సీకాయను, చింతపండును, తేనెను కొనుగోలు చేయడానికి 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దుకాణం మీకు దగ్గరలో ఉంటే అక్కడా అడిగి చూడవచ్చు.

రసం తీయడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే కుంకుడు నచ్చలేదని చెప్పేవారిలో చాలామందికి రసం దగ్గరే తేడా వస్తుంది. నా జుట్టుకు గుప్పెడున్నర కాయలు సరిపోతాయి, భుజాల దాకా ఉన్నవారికి గుప్పెడు చాలు. కాయలను రోట్లో వేసి మెల్లగా దంచితే తొక్క చిట్లి గింజ బయటపడుతుంది, గింజలు ఏరి పారేయాలి. మిక్సీలో వేస్తే గింజతో పాటు బ్లేడూ పోతుంది. తొక్కలను రాత్రే నీళ్లలో నానబెడితే మేలు, లేకపోతే పొద్దున మరిగే నీళ్లు పోసి అరగంట ఉంచాలి. నేరుగా పొయ్యి మీద గిన్నె పెట్టి కళపెళ ఉడికిస్తే రసం చిక్కబడుతుంది గాని ముదురు రంగుకు తిరిగి, బెల్లపు పాకం మాడినట్టు ఒక వాసన వస్తుంది, ఆ వాసన జుట్టులో మధ్యాహ్నం దాకా ఉంటుంది. నానిన తొక్కలను చేత్తో పిసికితే మొదట పలుచని నురగ, తరువాత చిక్కని గోధుమరంగు రసం దిగుతుంది. రెండవసారి వేడినీళ్లు పోసి పిసికితే ఇంకా కొంత వస్తుంది, దాన్ని రెండవ విడతకు ఉంచుకోవాలి. పిసికాక పలుచని గుడ్డలో వడకట్టడం తప్పనిసరి. వడకట్టకపోతే తొక్క నలుసులు జుట్టులో చిక్కుకుని సాయంత్రం దువ్వెన వెంట రాలుతూనే ఉంటాయి.

మందారాకు కలపడం దగ్గర నాకు గట్టి అభిప్రాయం ఉంది. చాలా ఇళ్లలో దీన్ని ఉంటే వేస్తారు, లేకపోతే మానేస్తారు. నా దృష్టిలో పొడవాటి జుట్టుకు ఇది లేని కుంకుడు రసం సగం పనే చేస్తుంది. ముందు చెప్పినట్టు కుంకుడులో జుట్టును జారుగా ఉంచే పదార్థమేదీ లేదు, నూనె పోయిన వెంట్రుకలు ఒకదానికొకటి రాసుకుని చిక్కుపడతాయి. మందారాకును నీళ్లతో నలిపితే వచ్చే బంక ఆ లోటు తీరుస్తుంది. పది పన్నెండు ఆకులను నానిన తొక్కలతో పాటే చేత్తో నలిపి వడకడితే రసం వేళ్ల మధ్య జారుతుంది, తలకు పట్టించినప్పుడు జుట్టు పాయలుగా విడిపోతుంది. ఆకు లేనప్పుడు రాత్రి నానబెట్టిన మెంతులు రుబ్బి కలిపినా ఇదే గుణం వస్తుంది గాని మెంతి వాసన రెండు రోజులు వదలదు, నలుసులు కడిగి పోగొట్టడానికి నీళ్లు ఎక్కువ కావాలి. ఆఫీసుకు వెళ్లే రోజున మెంతులు వద్దు.

తలంటు దగ్గరికొస్తే, షాంపూకు అలవాటుపడ్డవారు మొదటిసారి కుంకుడుతో నిరాశ పడడానికి కారణం నురగ. నూనె తల మీద మొదటి విడత రసం పోసినప్పుడు నురగ దాదాపు రాదు, నూనె అంతా దాన్ని మింగేస్తుంది. అది పని చేయడం లేదనుకుని ఇంకా ఇంకా రసం పోస్తే వృథా. మాడు మీద, చెవుల వెనుక, మెడ దగ్గర కుదుళ్లలో వేళ్ల కొసలతో రుద్ది ఒకసారి నీళ్లు పోసి, రెండవ విడత రసం పోస్తే అప్పుడు తెల్లటి మెత్తని నురగ పుంజుకుంటుంది. జుట్టు చివర్లను ప్రత్యేకంగా రుద్దనక్కరలేదు, పైనుంచి జారే రసం వాటికి చాలు. రెండు విడతల్లో జిడ్డు పూర్తిగా వదలాలి. వదలకపోతే నూనె ఎక్కువైందనో, రసం పలుచనైందనో అర్థం. అట్లకూ పచ్చళ్లకూ పోసినంత ధారాళంగా తలకు నూనె పోసుకునేవారికి కుంకుడుతో పేచీ తప్పదు. సిలికోన్ సీరం రోజూ రాసుకునేవారికి కూడా కుంకుడు ఒక్కటే ఆ పూతను పూర్తిగా తీయలేదు.

కళ్ల సంగతి దాచకూడదు. కుంకుడు రసం కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు, గంటల తరబడి కళ్లు ఎర్రగా ఉంటాయి. చిన్నప్పుడు నోట్లో ఉప్పుకల్లు పెట్టుకుంటే కళ్లు మండవని చెప్పి కూర్చోబెట్టేవారు. ఉప్పు కరిగేదాకా నోరు, దానితో పాటు కళ్లు కూడా గట్టిగా మూసుకుని ఉంటాము కనుక అంతవరకు ఆ చిట్కా పనిచేస్తుందేమో గాని పడిన తరువాత చల్లని మంచినీళ్లతో కడుక్కోవడం తప్ప వేరే మందు లేదు. కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవారు తీసేసి తలంటుకోవాలి. పసిపిల్లలకు దీన్ని నేను సిఫారసు చేయను, నురగ చూసి ముచ్చటపడి చేతిలో పట్టుకుని ఆడుకునే వయసులో మరీను. రసం కడుపులోకి వెళ్లినా చేటే. సాపోనిన్లు చేపలకు విషం, నీళ్లలో కుంకుడు కలిపి చేపలను మత్తెక్కించి పట్టే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. పెరట్లో చేపలతొట్టి ఉన్నవారు ఆ నీళ్లు అటు పోనివ్వకూడదు.

తలారిన తరువాత జుట్టు ఎలా ఉంటుందన్నదే అసలు పరీక్ష. కండిషనర్ రాసిన జుట్టులా పట్టులా జారదు. మాడు తేలికగా, దురద లేకుండా ఉంటుంది, జుట్టు కొంచెం నిండుగా, పొంగినట్టు కనిపిస్తుంది. సన్నని జుట్టువారికి ఇది వరం, నాలాంటి ఒత్తు జుట్టువారికి మొదటి రోజు జడ లొంగదు. తడిగా ఉన్నప్పుడు వెంట్రుక ఎక్కువ సాగి సులువుగా తెగుతుంది కాబట్టి తడి జుట్టును దువ్వెనతో లాగడం ఎప్పుడూ మంచిది కాదు, కుంకుడు తలంటు తరువాత అయితే అసలే వద్దు. పలుచని నూలు తువ్వాలుతో అద్ది, ముప్పావువంతు ఆరాక, వెడల్పు పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీసుకుంటూ పోవాలి. రెండవ రోజుకు మాడు నుంచి వచ్చే సహజమైన జిడ్డు కాస్త దిగి జుట్టు చక్కగా కుదురుకుంటుంది. షాంపూ తలకు నాలుగో రోజుకే జిడ్డు కనిపించే నాకు కుంకుడు తలంటు వారం వరకు నిలుస్తుంది. ఇది నా ఒక్కదాని అనుభవం, తలను బట్టి మారవచ్చు.

తలంటుకు ముందు నూనె పెట్టడాన్ని ఇక్కడే చేర్చి చెప్పాలి, ఎందుకంటే కుంకుడు ఫలితం సగం నూనె మీద ఆధారపడుతుంది. 2003లో జర్నల్ ఆఫ్ కాస్మెటిక్ సైన్స్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ నూనె మూడింటినీ జుట్టు మీద పరీక్షించి, వెంట్రుకలోని ప్రొటీను నష్టాన్ని గుర్తించదగినంతగా తగ్గించినది కొబ్బరినూనె ఒక్కటేనని తేల్చారు. అందులోని లారిక్ ఆమ్లపు అణువు చిన్నది, తిన్ననిది కావడం వల్ల వెంట్రుక లోపలికి చొరగలదని వారి వివరణ. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే మారికో సంస్థలో పనిచేసేవారే అన్నది కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి. నా అనుభవం మాత్రం ఆ ఫలితానికి ఎదురు చెప్పదు: తలంటుకు గంటముందు చివర్లకు ఎక్కువగా, మాడుకు తక్కువగా కొబ్బరినూనె రాసినప్పుడు కుంకుడు తరువాతి బిరుసుదనం సగానికి తగ్గుతుంది. రాత్రంతా నూనెతో ఉంచడం వల్ల అదనంగా నాకు కలిగిన మేలు దిండుగలీబు మాసిపోవడం తప్ప ఏమీ లేదు. చుండ్రు ఉన్నవారు మాడుకు నూనె పట్టించి రోజుల తరబడి ఉంచకూడదు. చుండ్రుకు కారణమైన మలసీజియా అనే సూక్ష్మజీవి బతికేదే తలమీది కొవ్వు పదార్థాలను తిని. కుంకుడు ఆ జిడ్డును కడుగుతుంది కనుక చుండ్రు పొట్టు తాత్కాలికంగా తగ్గినట్టు కనిపిస్తుంది. మొండి చుండ్రుకు మాత్రం వైద్యులు రాసే కీటోకొనజోల్ వంటి మందు షాంపూ కావలసిందే.

కుంకుడు అమ్మే ప్రతి సీసా మీద, ప్రతి పొట్లం మీద ‘జుట్టు రాలడాన్ని అరికడుతుంది’ అనో ‘ఒత్తుగా పెంచుతుంది’ అనో రాసి ఉంటుంది. ఈ మాటను నేను పట్టించుకోను. వెంట్రుక పెరిగేది చర్మం కింద ఉన్న కుదురులో, నెలకు సుమారు సెంటీమీటరు చొప్పున. పైన పోసి నిమిషాల్లో కడిగేసే రసం అక్కడ ఏ మార్పూ తేలేదు. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటే అందులో రోజుకు 50 నుంచి 100 వరకు రాలడం మామూలే. వారమంతా జడలో ఇరుక్కున్నవి తలంటు రోజున ఒక్కసారి చేతికి వస్తాయి కనుక అది చూసి బెంగపడి కుంకుడును తిట్టడమూ, తరువాతి వారం తక్కువ వస్తే మెచ్చుకోవడమూ రెండూ తొందరపాటే. పెద్ద జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పు తరువాత అలాగే, జుట్టు కుచ్చులుగా రాలి కొన్నాళ్లకు దానంతట అదే తిరిగి వస్తుంది. ఆ సమయంలో వాడిన సరుకుకు ఆ ఘనత దక్కుతుంటుంది. రక్తహీనత, థైరాయిడ్ వంటి కారణాలుంటే పరీక్ష చేయించుకోవాలి. తలంటు సరుకు మంచిదైతే ఉన్న జుట్టు తెగకుండా, చిట్లకుండా కాపాడుతుంది, దానినుంచి ఆశించగలిగింది అంతే.

పొడి గురించి తక్కువే చెబుతాను. కుంకుడుపొడిని నీళ్లలో కలిపి నేరుగా తలకు రాయమని పొట్లాల మీద రాస్తారు. అలా రాస్తే నురగ త్వరగా వస్తుంది, కాని సన్నని నలుసు కుదుళ్లలో ఇరుక్కుని, తల ఆరాక చుండ్రు రాలినట్టు భుజాల మీద పడుతుంది. నానబెట్టి వడకడితే ఈ బాధ తప్పుతుంది, కాని అంత శ్రమ పడేటప్పుడు కాయే మేలు కదా. పైగా పొడిలో ఏమి కలిసిందో కంటితో చూసి చెప్పలేము. గింజతో సహా మరపట్టిన పొడికి, తొక్క మాత్రమే మరపట్టిన పొడికి నురగలో చాలా తేడా ఉంటుంది, ఆ సంగతి పొట్లం మీద ఎవరూ రాయరు. సీకాయపొడి కథ కొంచెం వేరు. సీకాయ నురగ తక్కువ, జుట్టును కుంకుడంత పొడిబారనివ్వదు, గంజిలో కలిపి రాసుకుంటే పొడిజుట్టువారికి కుంకుడు కంటే బాగుంటుంది. ఇంట్లోనే సీకాయ, మెంతులు, పెసలు, ఎండిన మందారపూలు కలిపి మరపట్టించుకునే అలవాటున్నవారు అదృష్టవంతులు. కాని తుమ్ములకు భయపడి, తరువాత పట్టే పిండికి ఆ వాసన అంటుతుందని పిండిమరల వాళ్లు చాలామంది సీకాయ పట్టడానికి ఒప్పుకోవడం లేదు.

ఇక సీసాలు. 1983లో సి.కె. రంగనాథన్ అనే వ్యాపారి తమిళనాడులోని కడలూరులో చిక్ షాంపూ మొదలుపెట్టి చిన్న ప్యాకెట్లలో అమ్మడంతో సీసా కొనలేని ఇళ్లలోకి కూడా షాంపూ చేరింది. అక్కడినుంచి రోలు, రాత్రి నానబెట్టడం, గుడ్డలో వడకట్టడం అన్నీ ఒక్క చింపుతో తీరిపోయాయి. ఈ సౌకర్యాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం, ముఖ్యంగా తలంటుకు నీళ్లు కాచి, కాయ కొట్టి, రసం తీసి ఇచ్చే పని ఎప్పుడూ ఇంట్లో ఆడవారిదే అయినప్పుడు. నా అభ్యంతరం పేరు దగ్గర. సీసా ముందు కుంకుడుకాయ బొమ్మ, వెనుక తిప్పితే నీరు, మామూలు షాంపూల్లో జిడ్డు వదిలించే సోడియం లారెత్ సల్ఫేట్, కోకామిడోప్రొపైల్ బీటైన్ అన్నవి మొదటి వరుసలో ఉంటాయి. మన దేశపు నియమాల ప్రకారం సౌందర్య సాధనాల మీద ఒక శాతం కంటే ఎక్కువగా ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి, ఒక శాతం లోపు ఉన్నవాటిని ఆ తరువాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. కాబట్టి కుంకుడు సారం పేరు పరిమళం తరువాతో, సరుకు చెడకుండా వేసే నిల్వపదార్థాల తరువాతో కనిపిస్తే అది నామమాత్రంగా కలిపినట్టే లెక్క. అలాంటిది చెడ్డ షాంపూ అని నేననడం లేదు, మామూలు షాంపూను మామూలు షాంపూ ధరకు కొనుక్కోమంటున్నాను.

నీటి తరువాత వెంటనే కుంకుడు లేదా రీఠా సారం రాసిన సీసాలు కూడా కొన్ని ఉన్నాయి. వీటిని గుర్తుపట్టడం తేలిక: పలుచగా, గోధుమరంగులో ఉంటాయి, ఊపితే తప్ప అడుగున మడ్డి కలవదు, కాయ పుల్లని వాసన లీలగా వస్తుంది. నేను వాడినవాటిలో తలంటు ఫలితం ఇంట్లో తీసిన రసానికి ముప్పావువంతు దగ్గరగా ఉంది, శ్రమ పదోవంతు కూడా లేదు. ప్రయాణాలకు, హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలకు, కుంకుడుకాయ దొరకని విదేశాల్లో ఉన్నవారికి ఇది సరైన దారి. లోపాలు రెండు. ఖరీదు ఎక్కువ, పలుచని ద్రవం కావడంతో నా జుట్టుకు సీసా నెల తిరగకముందే అయిపోతుంది. రెండవది, నిల్వపదార్థాలు వేయలేదని గొప్పగా చెప్పుకునే సీసాను తెరిచాక ఎక్కువకాలం ఉంచకూడదు. ఇంట్లో తీసిన రసం బయట పెడితే మర్నాటికే పులిసి వాసన వేస్తుంది, ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఆగుతుంది. నీళ్లున్న ఏ సరుకైనా నిల్వపదార్థం లేకుండా నెలల తరబడి చెడకుండా ఉండదు కనుక, సోడియం బెంజోయేట్ వంటిది ఉన్నదని చూసి భయపడేకంటే లేదని చూసి జాగ్రత్తపడడం తెలివైన పని.

ఎవరికి కుంకుడు నప్పదో కూడా చెప్పాలి. రోజూ హెల్మెట్ పెట్టుకుని తిరిగేవారికి, వ్యాయామం చేసి చెమటపట్టేవారికి రెండు మూడు రోజులకొకసారి తలస్నానం అవసరమవుతుంది, అన్నిసార్లు కుంకుడు పోస్తే జుట్టు పీచుబారుతుంది, అన్నిసార్లు కాయ దంచే తీరిక కూడా ఎవరికీ ఉండదు. అలాంటివారు మధ్యలో తేలికపాటి షాంపూ వాడి, వారాంతంలో నూనె పెట్టుకున్న రోజున కుంకుడు వాడుకోవచ్చు. రంగు వేయించుకున్న జుట్టు మీద మొదటి వారాల్లో వాడవద్దు. మాడు మీద పుండ్లు, సోరియాసిస్ పొలుసులు ఉన్నవారు చర్మవైద్యుల మాట వినాలి.

కొన్న కాయను నిల్వ చేసుకోవడంలో ఒకే ఒక శత్రువు తేమ. తెచ్చిన రోజే రెండు మూడు ఎండలు తగిలేలా చాపమీద ఆరబోసి, చల్లారాక గట్టిమూత ఉన్న డబ్బాలో పోస్తే ఏడాదంతా చెడదు. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి వంటింటి అరలో పెడితే శ్రావణమాసానికల్లా కాయలు ఒకదానికొకటి అతుక్కుని బూజు పడతాయి. పిసికి వదిలేసిన తొక్కలను వెంటనే పారేయకుండా ఆ పూటే ఇంకోసారి వేడినీళ్లు పోసి ఉంచితే పట్టుచీర తడపడానికో, వెండి పట్టీలు తోమడానికో సరిపోయే నురగ ఇంకా మిగిలే ఉంటుంది. కిలో కాయ ధరను ఈ లెక్కలన్నీ కలిపి చూసుకుంటే, మంచి షాంపూ సీసా ఒకటి కొనే డబ్బుతో నాకు నాలుగైదు నెలల తలంట్లు వెళ్లిపోతున్నాయి.